సాన్సుయి బేరం

2018 డిసెంబర్, ఒక శుక్రవారం. అరకులో సంత రోజు. వలిసె పూలు చూద్దామని స్నేహితులతో వెళ్ళాను. వాళ్ళు ఫొటోల్లో పడిపోతే నేను స్టేషన్ దారిలో ఉన్న ఒక టీ హోటల్లో కూర్చున్నాను. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి. గోడకి కొట్టిన చెక్క మీద ఉల్లిపాయల బుట్ట, దాని కింద ఒక పెట్టె. పొగ పట్టి నల్లగా అయిపోయింది. ఒక మూల మాత్రం ఎవరి చెయ్యో తరచూ తగిలి మసి పోయినట్టుంది. అక్కడ వెండి రంగు రేకు మీద గుండ్రటి నాబ్ ఒకటి, దాని పక్కన పొడుగాటి గాజు పలక అంచు కనిపించాయి.

అదేమిటో నాకు అర్థమైంది. అర్థమైనట్టు కనపడకూడదని కూడా అర్థమైంది. చేతిలో టీ అయిపోకుండానే ఇంకో టీ చెప్పాను.

"తాతా, ఆ పాత రేడియో పనిచేస్తుందా?"

"నేదు బాబూ. ఎప్పుడో పోయింది."

"అమ్ముతారా?"

ముసలాయన పొయ్యి దగ్గర్నుంచి తిరిగి, గుమ్మంలో కూర్చుని అల్లానికి మట్టి దులుపుతున్న ముసలావిడ వైపు చూశాడు. ఇద్దరూ ఆదివాసీ ఒడియాలో ఏదో అనుకున్నారు. అరకు చుట్టుపక్కల వేరువేరు తెగలవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే భాష అదే. "అయిదు వేలు," అన్నాడాయన.

పెట్టెని దింపించి అటూ ఇటూ తిప్పి మొహం చిట్లించాను. తుప్పు చూపించాను. ఎలక కొరికిన వైరు చూపించాను. ఆఖరికి, "పన్నెండు కేజీలుంటుంది తాతా, దీన్ని కిందికి దింపడానికే బోల్డంత అవుతుంది," అన్నాను. 3,500కి తెగింది. ముసలావిడ ఒక్క మాట కూడా అనలేదు. నోట్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.

రిసీవర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రేడియో, ఆంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. స్పీకర్లు విడిగా కొనుక్కోవాలి. రికార్డ్ ప్లేయరూ టేప్ డెక్కూ వెనక తగిలించుకోవచ్చు. 1970లలో జపాన్ కంపెనీలు వీటిని పోటీలు పడి తయారుచేశాయి. పయొనీర్ ఇన్ని వాట్లంటే సాన్సుయి అన్ని వాట్లనేది. దళసరి అల్యూమినియం ముఖం, బరువైన ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్ వేస్తే గాజు వెనక వెలిగే దీపాలు. మా తరానికి సాన్సుయి టీవీల మీద కనిపించిన పేరు. అసలు కంపెనీ 1947లో టోక్యోలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసుకుంటూ మొదలైంది. ఆ పేరులో రెండు అక్షరాలుంటాయి. ఒకటి కొండ, ఇంకొకటి నీరు. అరకులో దొరికిన వస్తువుకి ఇంతకంటే తగిన పేరేముంటుందని ఆ రోజు తెగ మురిసిపోయాను.

సాయంత్రం కిరండూల్ పాసింజర్లో గోనెసంచీలో చుట్టిన పెట్టెని ఒళ్ళో పెట్టుకుని దిగాను. సొరంగం రాగానే బోగీలో పిల్లలు అరుస్తారు. ఆ లైనులో 58 సొరంగాలున్నాయంటారు. బయట ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్ళు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైను వేసింది మనం పూలు చూడ్డానికి కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది. జపాన్ ఉక్కు మిల్లులకి అది కావాలి. 1960లో ఒప్పందం కుదిరింది, ఆ దశాబ్దం ముగిసేలోపు కొండలు తొలిచి పట్టాలు వేసేశారు. ఖనిజం విశాఖ రేవుకి దిగేది, అక్కడ ఓడలెక్కేది. నా ఒళ్ళో ఉన్న పెట్టె సరిగ్గా ఆ దారినే ఎదురెక్కి వచ్చిందని అప్పటికి నాకు తెలీదు.

ఆ సంగతి పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంది. చదివినవారు మాస్టారు. డాబాగార్డెన్స్ వైపు ఒక సందులో మేడ మీద చిన్న గది ఆయన వర్క్‌షాపు. ఒకప్పుడు టేప్ రికార్డర్లూ వీసీఆర్లూ బాగుచేసేవారు. ఇప్పుడు డెబ్బై దాటాయి. నచ్చిన సెట్టయితేనే ముట్టుకుంటారు.

"ఎక్కడ పట్టావు నాయనా దీన్ని? ఇది బయటి దేశాలకి పంపే మోడల్ కాదు. వాళ్ళ దేశంలో అమ్ముకునేది. ఇక్కడ చూడు, వంద వోల్టులు."

జపాన్‌లో ఇళ్ళకి వచ్చే కరెంటు 100 వోల్టులు. మనకి 230. మధ్యలో కరెంటు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా గోడకి పెడితే ఏమవుతుందో, అదే దీనికి అయింది. మూత తీసేసరికి ముందు వచ్చింది పొగ వాసన. పొయ్యి పొగ కాదు, కాలిన కండెన్సర్ వాసన. ఫ్యూజు పోయింది. రెండు పెద్ద ఫిల్టర్ కండెన్సర్లలో ఒకటి ఉబ్బి పైన పగిలింది. కుడివైపు పవర్ ట్రాన్సిస్టర్లు రెండూ షార్టయ్యాయి. "ఫ్యూజు చోట ఎవడూ వైరు ముక్క చుట్టలేదు. మనవాళ్ళు సామాన్యంగా చేసే పని అదే. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ దక్కింది," అన్నారు మాస్టారు. ఈ పెట్టె బరువులో పెద్ద భాగం ఆ ట్రాన్స్‌ఫార్మరే. అది కాలిపోయుంటే నేను కొన్నది ఇనప సామాను కిందే లెక్క.

మూడు నెలలు పట్టింది. ఆదివారాలు నేనూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. మసి వదిలించడం నా పని. మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్ళు, దూది. గాజు జోలికి మాత్రం వెళ్ళొద్దన్నారు. అంకెలు గాజుకి వెనకవైపు అచ్చేసి ఉంటాయి, స్పిరిట్ తగిలితే గాజు శుభ్రమవుతుంది, అంకెలు పోతాయి. వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగరకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ముప్ఫై నలభై సార్లు అటూ ఇటూ తిప్పడం. ముల్లుని లాగే దారం తెగిపోతే పుల్లీల చుట్టూ కొత్తది కట్టడం, దీనికే ఒక పూట పోయింది. లోపలి చిన్న కండెన్సర్లు పాడవకపోయినా నలభై ఏళ్ళకి ఎండిపోతాయి కాబట్టి అన్నీ మార్చారు. పవర్ ట్రాన్సిస్టర్లకి చాలా వెతకాల్సి వచ్చింది. పేరు అచ్చంగా అదే వేసి లోపల చవక సరుకు పెట్టి అమ్ముతారు, కొలిచి చూస్తేగాని తెలీదు.

మొదటిసారి కరెంటు ఇచ్చింది సిరీస్ బోర్డు మీద. వంద వాట్ల బల్బుని దారిలో పెడతారు. పెట్టెలో ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గుమని వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. మా బల్బు ఒక్కసారి వెలిగి, మెల్లగా మందగించి, ఎర్రటి తీగలా మిగిలింది. మాస్టారు స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటరు పెట్టి ఇరవై మిల్లీ వోల్టులన్నారు. ఆయన మొహం చూసి, అది మంచి అంకేనని అర్థం చేసుకున్నాను. డయల్ దీపాలు వెలిగాయి. ఎల్ఈడీలు వేస్తే వేడుండదని ఒక స్నేహితుడు చెప్పాడు కాని, పాత రకం బల్బులే వేయించాను. ఆ పసుపు రంగు వెలుతురు కోసమే కదా ఇదంతా.

ఎఫ్ఎం పెట్టి చూస్తే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉత్త హోరు.

"ఎఫ్ఎం పోయినట్టుంది మాస్టారూ."

"పోలేదయ్యా. జపాన్‌లో అప్పట్లో ఎఫ్ఎం 76 నుంచి 90 దాకానే. మన స్టేషన్లన్నీ ఆ పైన. దీనికి వినపడేచోట మనవాళ్ళెవరూ మాట్లాడ్డం లేదు."

మన దేశంలో తొలి ఎఫ్ఎం ప్రసారాలు మొదలైందే 1977లో, మద్రాసులో. అంటే ఈ పెట్టె అరకులో ఉన్నన్నాళ్ళూ దాని ఖరీదైన సగం ఒక్క మాటా వినకుండా ఉండిపోయింది. పనికొచ్చింది మీడియం వేవ్ ఒక్కటే. ఆ వరసలో గాజు మీద రెండు గుర్తులున్నాయి. 900 దాటాక గోళ్ళ రంగుతో పెట్టిన ఎర్ర చుక్క, 1400 దాటాక కత్తితో గీసిన సన్నటి గీత. చుక్క దగ్గర ముల్లు ఆపితే ఆకాశవాణి విశాఖపట్నం, 927 కిలోహెర్ట్జ్. గీత దగ్గర ఏమీ రాలేదు. మాస్టారు ఆ గీతని పాలిష్ పట్టి పోగొడతానన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఎందుకన్నానో తెలీదు. బహుశా ఇంకో ఆదివారం ఆగలేక.

ఇంటికి తెచ్చాక ఒక రాత్రి గీత సంగతి తేలింది. ఫ్లాట్లో ఎల్ఈడీ బల్బులూ ఫోన్ చార్జర్లూ మీడియం వేవ్ మీద గోల పెడతాయి. అన్నీ ఆర్పేసి, వెనకున్న ఏరియల్ కడ్డీని కిటికీ వైపు తిప్పితే, అలల మీద తేలుతున్నట్టు వస్తూ పోతూ ఒక ఆడగొంతు వినిపించింది. ఒడియా. జయపురం స్టేషన్, 1467. కోరాపుట్ జిల్లాలోది, అరకు నుంచి కొండలు దాటితే ఎంతో దూరం కాదు.

ఆ వారమే పాత ఆడియో సెట్ల పిచ్చి ఉన్న స్నేహితుల గ్రూపులో ఫొటో పెట్టాను. గంటలో ఒకాయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. 28,000 ఇస్తానన్నాడు. కాయితం తీసి లెక్క వేశాను. కండెన్సర్లు 1,400. పవర్ ట్రాన్సిస్టర్లు 1,100. బల్బులు 300. క్లీనర్ 350. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి 1,800. మాస్టారికి 4,000. మొత్తం 8,950. కొన్నది 3,500. లాభం 15,550.

ఆ అంకె కింద రెండు గీతలు కొట్టాను. ఆ కొట్టడం మా తాతది. లాభం తేలగానే పెన్సిలుతో రెండు గీతలు కొట్టేవాడు. గీతలు చూశాక ఇంకో మాట గుర్తొచ్చింది. "దీన్ని కిందికి దింపడానికే బోల్డంత అవుతుంది." అది కూడా నా మాట కాదు.

మాది శృంగవరపుకోట. ఘాట్ రోడ్డు మొదలయ్యే ఊరు. మా తాత సంతలకి కొండెక్కి చింతపండు, పిప్పళ్ళు, పసుపు కొని దింపేవాడు. చిన్నప్పుడు నన్నూ ఒకటి రెండుసార్లు తీసుకెళ్ళాడు. గంప దించిన ఆడమనిషి ధర చెప్పగానే తాత ఆ మాట అనేవాడు. కోపంగా కాదు, జాలిగా, తనకే నష్టమన్నట్టు. అరిచి బేరమాడేవాళ్ళకంటే తాతకే ఎక్కువ సరుకు పడేది. మంచివాడని పేరు. నిజంగానే మంచివాడు. జ్వరం వస్తే రాత్రంతా నా పక్కన కూర్చునేవాడు. నా ఇంజినీరింగ్ ఫీజు ఆయనే కట్టాడు.

ఒకసారి అటక సర్దుతుంటే రెండు ఇనప అడ్డలు దొరికాయి. గింజలు కొలిచే అడ్డ. రెంటి మీదా ఒకే ముద్ర. పిల్లలం ఆడుకుంటూ ఒకదాన్ని ఇంకోదాన్లో పెట్టాం. దిగిపోయింది. ఒకే కొలత అయితే ఒకదాన్లో ఇంకోటి ఎలా దిగుతుందని మా చెల్లి అడిగింది. నాన్న రెండూ లాక్కుని బయటికి వెళ్ళిపోయాడు. పెద్దదానితో కొనేవాళ్ళు, చిన్నదానితో అమ్మేవాళ్ళు అని చాలా ఏళ్ళకి తెలిసింది. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టింది కొండ సరుకుకి సరైన ధర ఇచ్చి, మా తాతలాంటివాళ్ళ చేతుల్లోంచి వాళ్ళని తప్పించడానికేనని పోటీ పరీక్షల పుస్తకంలో చదివాను. చదివి, సమాధానం గుర్తుపెట్టుకున్నాను.

నేను అరకులో మోసం చెయ్యలేదు. అయిదు వేలు అన్నారు, బేరమాడాను, ఒప్పుకున్నారు. పాత సామాన్లు కొనేవాళ్ళందరూ అంతే. ఇదంతా నాకు నేను చెప్పుకున్నాను. కాని నా దగ్గర రెండు కొలతలున్నాయి. కొనేటప్పుడు అది తుప్పు పట్టిన ఇనుము, అమ్మేటప్పుడు అది సాన్సుయి.

మే నెలలో స్నేహితుడి కారులో పెట్టె, స్పీకర్లు, స్టెప్‌డౌన్ అన్నీ వేసుకుని బయల్దేరాను. వాళ్ళకి ఏడు వేలు ఇద్దామని విశాఖలో అనుకున్నాను, లాభంలో సుమారు సగం. శృంగవరపుకోట దాటాక, మాస్టారి చుట్టూ తిరిగింది నేను కదా, ఆరు చాలనిపించింది. అనంతగిరి వచ్చేసరికి అయిదయింది. ఇంకో నాలుగు మలుపులుంటే ఏమయ్యేదో.

ముసలాయన నన్ను గుర్తుపట్టలేదు. పెట్టెని గుర్తుపట్టాడు. ముసలావిడ మాత్రం గుమ్మంలోంచే నా మొహం, కారు, పెట్టె వరసగా చూసి తెలుగులో అడిగింది.

"పైకి ఎక్కించడానికి ఎంతయింది బాబూ?"

హోటల్లో ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. నాకు అయింది. పెట్రోలు లెక్క చెప్పబోయి మానేశాను.

అయిదు వేలు చేతిలో పెట్టి ఉన్నదంతా చెప్పాను, 28,000 మాటతో సహా. ముసలాయన నవ్వాడు. మేమూ తక్కువకే కొన్నామన్నాడు. రైలు లైనుకి కరెంటు తీగలు వేస్తున్న రోజుల్లో, 1980ల మొదట్లో, స్టేషన్ క్వార్టర్స్‌లో ఒక ఇంజినీరుండేవాడట. ఓడ మీద వచ్చిన ఒకాయన దగ్గర విశాఖలో కొన్నాడట ఈ పెట్టెని. బదిలీ అయినప్పుడు మోసుకెళ్ళలేక, టీ బాకీ పోను మూడొందలు పుచ్చుకుని వీళ్ళకి ఇచ్చేశాడు. దాంతోపాటు ఒక బరువైన నల్ల పెట్టె కూడా ఉండేది. అందులో రాగి ఉందని పాత సామాన్లవాడు వచ్చి దాన్ని కొనుక్కుపోయాడు. ఆ తర్వాత ఎవరో దీన్ని తిన్నగా గోడకి పెట్టారు. టప్పుమంది.

"అయితే మీరూ బేరంలో కొట్టేశారన్నమాట," అన్నాను. తేలికపడ్డానని నాకే తెలుస్తోంది.

"ఆయనకి తెలుసు అదెంతదో," అంది ముసలావిడ. "తెలిసే ఇచ్చాడు."

ఇంకేమీ అనలేదు. పెట్టమంది. స్టెప్‌డౌన్ తగిలించి స్విచ్ వేశాను. పగటి వెలుతురులో డయల్ దీపాలు సరిగా కనపడలేదు. ఆవిడే వచ్చి తడి చెయ్యి చీరకి తుడుచుకుని నాబ్ తిప్పింది. అంకెలు చూడలేదు. ముల్లుని గీత మీదికి తెచ్చి ఆపింది. ఫ్లాట్లో వస్తూ పోతూ ఉన్న గొంతు ఇక్కడ ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంది. ఇంజినీరు పెట్టుకున్నది ఎర్ర చుక్క. గీత ఈవిడది. చదువు రాదు. మగవాళ్ళు వార్తలకని తిప్పేస్తే మళ్ళీ జయపురం దొరికేది కాదట. అందుకని కత్తిపీట మొనతో గీసింది.

రెండు నిమిషాలు విన్నది. "గొంతు మారిపోయింది," అంది. పాత మనిషి కాదట. వెళ్ళి మళ్ళీ అల్లం బుట్ట దగ్గర కూర్చుంది.

ఇక్కడే ఉంచెయ్యమంటారా అని అడిగాను. అడిగాక భయమేసింది, ఉంచెయ్యమంటారేమోనని. ముసలాయన పొయ్యి చూపించి పొగ అన్నాడు. మళ్ళీ ఎవడో గోడకి పెడతాడన్నాడు. ముసలావిడ నేనిచ్చిన నోట్లు రెండోసారి లెక్కపెట్టింది.

"అమ్మేటప్పుడు అమ్ము. అమ్మితే ఇంకో అయిదు తే."

టీకి పది రూపాయలు విడిగా పుచ్చుకున్నారు.

ఆ సెట్టు ఇప్పటికీ మా హాల్లో ఉంది. హైదరాబాద్ ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి ట్రాన్స్‌ఫార్మర్ గురించీ, 76 నుంచి 90 గురించీ, కొండా నీరూ అనే పేరు గురించీ చెబుతాను. గాజు మీద ఆ గీతేమిటని అడిగితే అదీ చెబుతాను. ఎంతకి కొన్నావని అడిగితే మాత్రం వెంటనే చెప్పలేను. 3,500 కాదు, 8,500 కూడా కాదు. అమ్మితే ఇంకో అయిదు వేలు బాకీ. అమ్మకపోతే బాకీ లేదు. ఆవిడ బేరం అలా కుదిర్చింది. మా తాత ఉంటే మెచ్చుకునేవాడు.